రికార్డు రెండో పక్క తిప్పేవారికి

హిందూపురంలో చింతపండు మండీ నడిపి, దాన్ని అమ్మేసి ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్న నేను, కోటా నాగేశ్వరరావు శెట్టి, మతి నిలకడగా, చెవులు పదునుగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాయిస్తున్నాను. మోకాళ్ళు బాగాలేవు. వాటికి ఇందులో పని లేదు.

ఇల్లు, పొలం సంగతి వేరే దస్తావేజులో తేల్చేశాను. ఈ వీలునామా నా స్వార్జితమైన శాస్త్రీయ సంగీతం రికార్డులకు, వాటిని వాయించే పెట్టెకు సంబంధించింది. వాటిని కావాలని అడిగినవాడు ఒక్కడే, అదీ గోడకు కొట్టుకోవడానికి. అందుకే రాయాల్సి వచ్చింది.

1. ఆ అడిగినవాడు నా కుమారుడు మురళీధర్. బెంగళూరు రోడ్డులో కాఫీ అంగడి పెడుతున్నాడు. గోడల నిండా నా రికార్డులు మేకులతో బిగిస్తే అంగడికి కళ వస్తుందట. "అందరూ ఫోన్లోనే వింటాండారు నాయనా, ఇవి చూసేదానికి బాగుంటాయి" అన్నాడు. కనుక ఎండకు వంకర పోయినవి, గీతలు పడి ఒక్కచోటే తిరుగుతూ ఉండేవి అతనికి సర్వహక్కులతో దఖలుపరుస్తున్నాను. మేకులు అతనే కొనుక్కోవాలి. అయితే పెట్టెలో ముల్లు అరిగి నేను అన్నం సరిగ్గా తినని రోజుల్లో, బెంగళూరంతా గాలించి కొత్త ముల్లు తెచ్చింది కూడా వీడే. వాడికి రాగం తెలియదు గానీ నాయన ముఖం తెలుసు. అందుకని అంగడి తెరిచే రోజు వాయించుకోవడానికి ఒక మంచి నాదస్వరం రికార్డు ఇస్తున్నాను. దానికి మేకు తగలకూడదు.

2. పెనుకొండలో ఉండే నా బాల్యమిత్రుడు ఓబుళప్పకు: కాంభోజి వీణ రికార్డు. ఇది అతను ఒకప్పుడు తీసుకుపోయి తిరిగి ఇచ్చినదే. అట్ట మాత్రం ఇవ్వలేదు. అట్ట మీద వీణ పట్టుకున్న పెద్దావిడ బొమ్మ బాగుందని ఫ్రేము కట్టించి హాల్లో తగిలించాడు. వాళ్ళ కోడలు అది దేవత పటమనుకుని పండగకు కుంకుమ పెట్టి పూలదండ వేసింది. ఇక దించమని అడిగితే నాకే పాపం. నా ఇంట్లో రికార్డు బట్టల్లేకుండా, అతని ఇంట్లో బట్టలు మనిషి లేకుండా ఎన్నాళ్ళుంటాయి? రెండూ అక్కడే కలుసుకోనీ.

3. ధర్మవరం సంగీత సభ కార్యదర్శి నాగేంద్ర గారికి: నలభై ఐదు స్పీడులో తిప్పాల్సిన చిన్న రికార్డు ఒకటి, నా దగ్గర తీసుకుపోయి ఆయన ఇంట్లోనే ఉంచుకున్నది. దీన్ని ఆయన మొదటినుంచీ ముప్పై మూడులోనే తిప్పుతున్నారు. అందులో పాడింది స్త్రీ. నిదానంగా తిరిగేసరికి గొంతు బరువెక్కి ఆయనకు పురుషుడి గొంతు వినిపించింది. ఆ పురుషుడి గాంభీర్యం మీద, నిదానం మీద సభ సంచికలో వ్యాసం కూడా రాశారు. స్పీడు మీట కొంచెం జరపమని నేను మర్యాదగా సూచిస్తే, చింతపండు వాళ్ళకు విళంబకాలం జీర్ణం కాదని నలుగురి ముందూ అన్నారు. నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. అయినా ఆ గాయకుడు ఆయన ఇంట్లో తప్ప లోకంలో ఎక్కడా లేడు. ఉన్న ఒక్క చోటా అతన్ని చంపడానికి నాకు చేతులు రావు. ఎవరూ మీట జరపవద్దు.

4. నా కుమార్తె ఉషశ్రీకి: వేణువు, వయొలిన్ రికార్డులన్నీ. ఏది ఎప్పుడు వినాలో అడుగుతూ ఉంటుంది గనుక చెబుతున్నాను. పొద్దున వంట దగ్గర మోహన. అత్తగారితో మాట పెరిగిన రోజు ఆనందభైరవి, అదీ ఆమెకు కూడా వినబడేలా. తోడి మాత్రం ఇంట్లో ఎవరూ లేనప్పుడే వినాలి. ఏడిస్తే ఎందుకని అడిగేవాళ్ళు ఉండకూడదు. తుడిచే గుడ్డ కూడా ఇస్తున్నాను. అది మీ అమ్మ పెళ్ళినాటి ధర్మవరం చీర ముక్క, జరీ తీసేసినది.

5. మిగిలిన రికార్డులు, పెట్టె నా భార్య సరస్వతమ్మకు. ఆమెకు చెవుడు వచ్చిందని, ఇక ఎవరికోసమని మురళి అడుగుతాడు. చెబుతాను. సాయంత్రం నేను రికార్డు పెట్టగానే ఆమె వచ్చి పక్కన కూర్చుని, పెట్టె మీద అరచెయ్యి ఆనిస్తుంది. ఒక పక్క అయిపోయిన సంగతి నాకంటే ముందు ఆమెకే తెలుస్తుంది. "నిలిచిపోయినాది. ఇంగో పక్క ఉండాది కదా, తిప్పండి" అంటుంది. నేను మోకాళ్ళు పట్టుకుని లేస్తాను. ఈ ఇంట్లో నేను సంతోషంగా చేసే పని అదొక్కటే.

6. సరస్వతమ్మ తదనంతరం ఈ రికార్డులు, పెట్టె ఎవరికన్నది పేరు పెట్టి రాయడం లేదు. మా ఇంటికొచ్చి మొదటి పక్క విని తలలూపి, కాఫీ తాగి వెళ్ళిపోయిన రసికులు చాలామంది. నేను పోయాక ఆమె చెయ్యి పెట్టె మీద ఉండగా పాట ఆగిపోతే, ఆమె నోరు తెరవకముందే లేచి రికార్డు తిప్పే మనిషికి ఇవి చెందుతాయి. బంధువైనా, పరాయివారైనా సరే. ఎవరు లేచారో ఆమె చెప్పిందే రుజువు. దీన్ని అమలుపరచే బాధ్యత మా వీధి లక్ష్మన్న మాస్టారిది.

హిందూపురం, 2024 ఆగస్టు 11, ఆదివారం.

(సంతకం) కోటా నాగేశ్వరరావు శెట్టి

సాక్షులు:
1. వీరేష్, మందుల అంగడి. మొదటి పక్క అయిపోగానే లేచాడు, చెప్పులు వేసుకోవడానికి.
2. మేరీ, మా మేడ మీద అద్దెకుండే టీచరమ్మ. సంతకం ఆలస్యమైంది. రికార్డు తిప్పి వచ్చి చేసింది.

షరా: సాక్షికి ఆస్తి రాయకూడదని మాస్టారు అంటున్నారు. సాక్షిగా ఆమె పేరు కొట్టేసి, ఇంకొకరిని పిలిపించండి.