నల్లచెల్మ బాయి పేజీ

మార్చి 4

కాళ్ళు వాచినయ్. డ్యూటీ దిగి వచ్చి, బకెట్ల ఉప్పునీళ్ళు పోసుకొని కాళ్ళు ముంచి కూసున్న. ఆధార్ కార్డులు చూసి చూసి, ఆడోళ్ళకు పైసల్లేని జీరో టికెట్లు కొట్టి కొట్టి బొటనవేలు మొద్దువారింది. బస్సు నిండ ఆడోళ్ళే. సంతోషమే... కానీ కండక్టర్‌కే నిలబడనీకి జాగా లేదు.

అయినా ఫోన్ తీసిన. ఆలంపూర్ పేజీల కర్నూలు బస్సు సంగతి తప్పున్నది, దిద్దిన. ఎవ్వరు చెయ్యమన్నరు నన్ను? జీతమా, పేరా? ఇంటర్నెట్‌ల ఊర్ల గురించి ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు అనే ఇంగ్లీషు గైడు అది. మొదట్ల చూసినప్పుడు మన పాలమూరు, నల్లగొండ పేజీలన్నీ కార్లున్నోళ్ళకు రాసినట్టే ఉండె. బస్సు ఏడ దొరుకుతది, ఏ స్టేజీల దిగాలె, వాపస్ బస్సు ఉంటదా ఉండదా — ఒక్కరు రాయలే. గదే రాస్తున్న, కొన్నేండ్ల సంది.

చాలు ఇయ్యాల్టికి.

మార్చి 6

ఎండ. కల్వకుర్తి బస్టాండుల కొట్లాట, సీటు కోసం. ఇద్దరూ నన్నే తిట్టిన్రు. తిని పడుకున్న.

మార్చి 9, ఆదివారం

ఇయ్యాల బస్సుల హైదరాబాద్ పిల్లలు. నల్లచెల్మ స్టేజీల దిగాల్నంటరు, మెట్లబాయి చూడనీకట. ఒకామె ఫోన్ తీసి నాకే చదివి వినిపిస్తాంది — స్టేజీ నుంచి కుడిచేతి మట్టిబాట, వేపచెట్లు దాటినంక కనిపిస్తుంది అని. నా వాక్యం. అక్షరం పొల్లుపోకుండ నాదే. దీపావళికి అక్క వాళ్ళింటికి పోయినప్పుడు రాసిన పేజీ.

నేనే రాసిన అని చెప్పలే. మూతి బిగవట్టుకొని టికెట్ కొట్టిన. కొల్లాపూర్ దాకా కాళ్ళ నొప్పి యాదికి రాలే.

మార్చి 15

హోలీ మర్నాడు, వీక్లీ ఆఫ్. అక్క వాళ్ళూరు నల్లచెల్మకు పోయిన.

బాయి కాడ బావ చిన్న హోటల్ పెట్టిండు. టార్పాలిన్ కింద స్టవ్వు, మిర్చీలు, చాయ్, నీళ్ళ బాటిళ్ళు. బోరు ఎండి మడి ఇడిసిపెట్టినంక బావ మొఖంల నవ్వు చూసుడు ఇదే మొదలు. ఎవరో పుణ్యాత్ముడు మన బాయిని ఇంటర్నెట్ల ఎక్కిచ్చిండు, ఆయన కడుపు సల్లగుండ అంటాండు. చాయ్ తాగుకుంట విన్న.

ఇంటికాడ చూస్తే — దొడ్డికి చీరలు కట్టి మరుగు చేసిన్రు. అక్క అండ్ల బకెట్ పెట్టుకొని నీళ్ళు పోసుకుంటాంది. అక్క... బకెట్ నీళ్ళు. పెండ్లయి వచ్చిన సంది ఆ ఊర్ల అక్కకు నచ్చింది ఒక్క ఆ బాయే. పొద్దుగాల ఆడోళ్ళంత కలిసి పోవుడు, బట్టలు ఉతుకుడు, ఈదుడు. పగటీలి దాకా మొగోళ్ళు అటు దిక్కు రారు. ఎవరు పెట్టిన కట్టడో తెల్వదు, ఊరంత పాటిస్తది. అక్క ఈదుతుంటే నీళ్ళు చప్పుడు గూడ చెయ్యయి.

బాయికి పోతలేవా అని అడిగిన.

చూడనీకి వచ్చేటోళ్ళు పొద్దుగాల్నే వస్తున్నరు అన్నది. పైన నిలబడి ఫోన్లల్ల ఫోటోలు తీస్తరట. మొన్న ఈగ లెక్క మోతజేసుకుంట ఎగిరే కెమెరా ఒకటి బాయిలకు దింపిన్రట. పక్కింటి ఎల్లయ్య భార్య మెడలోతు నీళ్ళల్ల నిలబడి ఏడ్చిందట, ఒడ్డుకు రాలేక.

చెప్పకుండ ఉండలేకపోయిన. "అక్కా, అది రాసింది నేనే."

అక్క తల తుడుసుకుంటాంది. ఆగలే. జర సేపటికి చదివి వినిపియ్యమన్నది. తెలుగు చేసుకుంట చదివిన — రాతి సింహాలు, దూలం మీది పద్మాలు, గోడలల్ల గూళ్ళు, తేటనీళ్ళు, బస్సు టైములు. అంత విని అడిగింది:

"మంచిగనే రాసినవ్. మేముంటమని రాయలేదేందే?"

మార్చి 16

నిజమే గద. సింహాలను రాసిన. ఆ సింహాల మీద తడిబట్టలు ఆరేసేటోళ్ళను రాయలే. ఫోటో తియ్యనీకి దిగినప్పుడు సబ్బు బిళ్ళ అడ్డమొస్తె పక్కకు జరిపిన. గది గూడ యాదికొస్తాంది.

మార్చి 17

డ్యూటీకి పోకముందే పేజీల ఒక లైను కలిపిన. పొద్దున పూట ఊరి ఆడవాళ్ళు స్నానాలకు వస్తారు, మధ్యాహ్నం దాకా అటు వెళ్ళకండి, వాళ్ళ ఫోటోలు తీయకండి. జర పాణం నిమ్మలమయింది.

మార్చి 24

అక్క ఫోన్. ఇప్పుడు ఇంక ఎక్కువైన్రట. తెల్లారకముందే మోటరుసైకిళ్ళ మీద మొగపోరగాండ్లు. బావ ఒకన్ని గల్లవట్టి అడిగితే వాడన్నడట — పొద్దుగాల ఆడోళ్ళుంటరని గైడుల్నే రాసున్నది గద అని.

నా లైను.

బస్సు కల్వకుర్తిల ఆగి ఉండె. డ్రైవరన్న తిననీకి పోయిండు. ఖాళీ బస్సుల వెనక సీట్ల కూసొని పేజీ మొత్తం చెరిపేసిన. టిఫిన్ డబ్బా మూత తియ్యలే.

మార్చి 25

పేజీ వాపస్ వచ్చింది.

పుణె ఆయన పెట్టిండు. మన దిక్కు పేజీలకు కాపలా ఉండేటాయన. ఎన్నడు చూడలే, గొంతు గూడ వినలే. కొత్తల నాకు అన్నీ ఆయనే నేర్పిండు, నా ఇంగ్లీషు తప్పులు నవ్వకుండ దిద్దిండు. మర్యాదగనే అడిగిండు — ఉన్న జాగాను, అందరు పోగలిగే జాగాను తీసేసుడెందుకు, కారణం చెప్పండి అని.

ఎంతో రాసిన. అంత చెరిపిన. ఆఖరికి — మా అక్క అక్కడ స్నానం చేస్తది, అని గంతే పంపిన.

మార్చి 26

ఆయన జవాబు. చాలా బాధపడ్డడు. ఆడోళ్ళ లైను, వాళ్ళొచ్చే టైము, అన్నీ తీసేసిండు. పేజీ మాత్రం ఉండనియ్యమంటాండు. ఇప్పటికే పది చోట్ల కాపీ అయిందట, ఎవరెవరో వీడియోలు పెట్టిన్రట. మనం తీసేస్తే బస్సు టైము చెప్పే పేజీ ఒక్కటే పోతది, బాయి మాత్రం దాగదు, అన్నడు.

తప్పు మాట కాదు. గదే నా బాధ.

మార్చి 30, ఉగాది

డ్యూటీ. పచ్చడి డిపోలనే, కాగితం గ్లాసుల పోసిచ్చిన్రు.

పగటీలి బావ ఫోన్ చేసిండు, అక్క అంత చెప్పినట్టున్నది. పేజీ తీపిస్తున్నవట గద అన్నడు. కోపం లేదు గొంతుల. అదే కష్టంగున్నది. "బోరు చూసినవ్ గద మరదలా. ఈ హోటల్ గూడ పోతే నేను హైదరాబాద్ కూలీల అడ్డా మీద నిలబడాలె." పక్కపొంటి అక్క గొంతు — దాన్నేమనకు, ఫోన్ ఇటు తే.

అక్క ఫోన్ తీసుకున్నది. పండుగకు ఏం వండినవని అడిగింది. అన్నం, పప్పు అన్న.

ఏప్రిల్ 3

పేజీ తెరుస్తున్న, మూస్తున్న. ఏం దిద్దలే. దేవరకొండ పేజీ సగంల ఉన్నది, చెయ్యి పోతలేదు.

ఏప్రిల్ 8

అక్క పొద్దుగాల్నే ఫోన్ చేసింది. బాయిల ఆడోళ్ళు దిగుడు మొత్తమే బందయిందట. బోరింగు కాడ ఉతుకుతున్నరు. పైన ఇనుప జాలి కొట్టి గేటు పెడ్తరని ఊర్ల మాట్లాడుతున్నరు. అప్పుడింక ఎవ్వరు దిగరు, చూసుడే.

మల్ల, ఏదో చిన్న వస్తువు అడిగినట్టు అడిగింది: "నువ్వు రాయని బాయి ఇంకోటి ఉన్నదా, చెల్లె?"

ఉన్నది. కొల్లాపూర్ రోడ్డుల ఒకపారి బస్సు ఖరాబైనప్పుడు నీళ్ళకు పోయి చూసిన. ఎవ్వరికి చెప్పలే. మొదలు తీరిక లేక రాయలే, ఇప్పుడు భయమై.

ఆదివారం పోదాం అన్న. అక్క నవ్వింది. ఎన్ని దినాలైందో ఆ నవ్వు విని.

ఏప్రిల్ 13, ఆదివారం

పోయినం. నేను టికెట్ తీసుకునేటి దిక్కు కూసునుడు నాకే కొత్తగున్నది. అక్క ఒళ్ళె సంచి — తువాల, పాత చీర, కుంకుడుపొడి. తొవ్వ పొడుగు మాట్లాడింది. పెండ్లికి ముంగట ఈదిన బాయిలు, మునిగి ఎవరెవరు ఎంత సేపు ఉండెటోళ్ళో. పాణం లేచొచ్చినట్టున్నది దానికి.

చెలకలల్ల నడిసినం. ఎండ ఇంక ఎక్కలే. ఫోన్ సంచిల అడుగుకు పెట్టిన, చేతికి రాకుండ.

బాయి గట్లనే ఉన్నది. నీళ్ళు నిండుగ ఉన్నయ్. ఆ ఊరి ఆడోళ్ళు నలుగురైదుగురు మెట్ల మీద ఉతుకుతున్నరు, ఒకామె నడుమ ఈదుతాంది. మమ్ముల చూసి మాటలు బందు చేసిన్రు. ఈదేటామె గోడ పక్కకు జరిగి కొంగు భుజం మీదికి లాక్కున్నది.

అక్క పై మెట్టు మీద నిలబడ్డది. చెప్పులు ఇడిసింది గని దిగలే.

అండ్ల పెద్దామె లేచింది. గొంతుల కొట్లాట లేదు, అలిసిపోయినట్టు అడిగింది:

"ఎవరమ్మా మీరు? గీ బాయి మీకెట్ల తెల్సు? ఎవరు చెప్పిన్రు?"

అక్క నా దిక్కు చూసింది.