తెరకు తాళం వేసింది ఎవరు?

రామచంద్రపురం,
18 నవంబరు 2007.

సౌభాగ్యవతి చిన్నమ్మాయికి నీ భర్త చంద్రరావు ఆశీస్సులతో రాయునది. నేను ఇక్కడ క్షేమం. తునిలో నువ్వూ, వదినగారూ, పిల్లలూ కులాసా అని తలుస్తాను.

నీ ఉత్తరం గురువారం అందింది. అడిగినవాటికి ముందు జవాబు చెబుతాను, లేకపోతే మళ్లీ నాలుగు పేజీలు తిడతావు. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. పాలవాడు నీళ్లు కలపడం మానలేదు, నేను పోట్లాడటమూ మానలేదు. పక్కింటి పాపాయమ్మగారు నిన్న కందా బచ్చలి పంపారు, నీ చేతివంట అంత బాగా లేదులే. వదినగారి కాలి కట్టు విప్పగానే నడిపించెయ్యాలని తొందరపడకండి. ఆవిడ లేచి తిరిగాకే బయలుదేరు.

ఇక మా రైతుల సొసైటీలో టచ్ స్క్రీన్ గొడవ తేలిందా, ఊడ్చే సత్యకుమారిని నిజంగానే పనిలోంచి తీసేశారా అని అడిగావు. తేలింది. ఫోనులో చెబుదామని రెండుసార్లు చేశాను. రెండుసార్లూ వంకాయల రేటు మాట్లాడి పెట్టేశాను. నీకు కొంత తెలిసినా మొదటినుంచీ రాస్తున్నాను, విసుక్కోకుండా చదువు.

జూన్‌లో ఆ పెట్టెను సొసైటీ అరుగు మీద పెట్టారు కదా. రైతు వేలితో తాకితే ధాన్యం రేటు, వాన కబురు, ఎరువుల స్టాకు తెర మీద కనపడతాయి. రాత్రీ పగలూ వెలుగుతూనే ఉండాలి. ఎవరు పడితే వాళ్లు అక్షరాల సైజూ వెలుతురూ మార్చెయ్యకుండా కంపెనీ ఇంజనీరు ఫణీంద్ర సెట్టింగులకు పాస్‌వర్డు పెట్టి, గుమస్తానని నా ఒక్కడికే చెప్పాడు. ఆ రోజు నీ దగ్గర ఎన్ని గొప్పలు పోయానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

వరి ఈనే రోజులు వచ్చేసరికి పచ్చదోమ మొదలైంది. చీకటి పడితే తెర నిండా పురుగే. అందుకని ఇంటికి వచ్చేముందు పాస్‌వర్డు కొట్టి వెలుతురు తగ్గించేవాణ్ణి, పొద్దున్నే మళ్లీ పెంచేవాణ్ణి. అయినా నెలకు రెండుసార్లు, వెళ్లేసరికి తెర తలకిందులై ఉండేది, లేదా అక్షరాలు ఆవగింజలంత అయిపోయేవి. రైతులు మెడలు వంకర తిప్పి చదవలేక నన్ను తిట్టిపోసేవారు. ప్రెసిడెంటు జీవరాజుగారైతే అందరి ముందూ, "చంద్రరావుగారూ, మీకు వయసైపోయిందండి. పోనీ దాన్ని తిరిగి పంపించేద్దామా?" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ మంటలో ఉండగానే ఒక సాయంత్రం కళ్లజోడు మర్చిపోయి వెనక్కి వెళ్లాను. ఊడుస్తున్న సత్యకుమారి చీపురు పక్కన పెట్టి, తెర మీద వేలితో నొక్కుతోంది. ఇంకేం, దొంగ దొరికిందనుకున్నాను. మర్నాడు జీవరాజుగారితో, నా రెండు కళ్లతో చూశానని చెప్పాను.

"నేనేమీ మార్చలేదండి" అంది ఆమె. ఇంకేమైనా చెబుతుందేమోనని ఆయన చూశారు. చెప్పలేదు. మానిపించేశారు. మొగుడు పోయిన మనిషి, ఇద్దరు ఆడపిల్లల చదువు ఆ పని మీదే నడుస్తోందని నాకు తెలుసు. తెలిసే చెప్పాను. ఆమె అలాంటిది కాదని నువ్వు రాసినప్పుడు, నీకేం తెలుసని విసుక్కున్నాను కూడా.

నీకు రాయనిది ఇక్కడినుంచి. ఆమె మానేసిన మర్నాటినుంచి తెర రోజూ పాడైంది. నెలకు రెండుసార్లు కాదే, రోజూ! చివరికి ఫణీంద్ర కాకినాడ నుంచి వచ్చి, ఒక సాయంత్రం నా పక్కనే కుర్చీ వేసుకు కూర్చున్నాడు. నేను మామూలుగా వెలుతురు తగ్గించి లేచాను.

"లాక్ నొక్కలేదేంటండి?" అన్నాడు.

"అదే పడుతుంది కదండీ. రోజూ పొద్దున్నకి పడే ఉండేది."

"దానంతట అది పడదండి. ఎవరో ఒకరు నొక్కాలి, లేకపోతే సెట్టింగులు తెరుచుకునే ఉంటాయి. మొదటి రోజే చూపించాను కదండీ."

మేం చూస్తుండగానే ఒక పురుగు వచ్చి తెర మీద అక్షరాల సైజు బటన్ దగ్గర వాలింది. అక్షరాలు చిన్నవైపోయాయి. తెర అంచుల్లో కంటికి కనపడని కిరణాలుంటాయట. వేలు అడ్డొచ్చినా పురుగు అడ్డొచ్చినా దానికి ఒకటేనట. అతను ఇంకా ఏదో చెబుతున్నాడు, నాకు వినపడలేదు. మరి ఇన్నాళ్లూ లాక్ నొక్కింది ఎవరు? హాజరు పుస్తకం తీసి చూశాను. తెర చెడిన రోజులన్నీ సత్యకుమారి సెలవు పెట్టినవే. ఆడలేక మద్దెల ఓడన్నానే చిన్నమ్మాయీ!

పోయిన ఆదివారం పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను. కూలికి కోతలకు వెళ్లడానికి కొడవలి పట్టుకుని బయటికి వస్తోంది.

"లాక్ నువ్వే వేసేదానివని చెప్పకపోయావా అమ్మా?"

"ఎలా చెబుతానండి? ఇంజనీరుగారు మీకు చూపించినప్పుడు చూసి నేనే నొక్కుతున్నానంటే, మీరు రోజూ మర్చిపోతున్నారని నలుగురిలో అన్నట్టే కదండీ. అప్పటికే ప్రెసిడెంటుగారు మిమ్మల్ని వయసైపోయిందనేశారు. ఇంకో ఏడాదేగా గుమస్తాగారూ, మీ సర్వీసు."

"నీ పని పోయింది కదమ్మా!"

ఆమె కొడవలి ఆ చేతినుంచి ఈ చేతికి మార్చుకుంది. తర్వాత, "నన్ను ఒక్క మాట అడుగుతారనుకున్నానండి" అంది.

వీధిలో నిలబడి ఏడ్చేశాను. మా అమ్మ పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు, నువ్వే చూశావు. సత్యకుమారి కంగారుపడి కొడవలి కింద పెట్టి మంచినీళ్లు తెచ్చింది.

నిన్న మీటింగులో లేచి అందరి ముందూ ఉన్నదంతా చెప్పాను. కొందరు నవ్వారు, నవ్వనీ. జీవరాజుగారు తల దించుకుని, "ఆవిణ్ణి రమ్మనండి" అన్నారు. రేపటినుంచి సత్యకుమారి పనిలోకి వస్తోంది. ఫణీంద్ర చేత పాస్‌వర్డు మార్పించాను. ఆమె ఏడో తరగతి దాకా చదివింది, రెండుసార్లు చూపించేసరికి పట్టేసింది. కొత్త పాస్‌వర్డు నాకు చెప్పొద్దని నేనే అన్నాను. అది ఆమెకొక్కదానికే తెలుసు.

ఇట్లు,
నిన్ను విసుక్కున్నందుకు సిగ్గుపడుతూ,
నీ భర్త
చంద్రరావు