జమ్మలమడుగులో ఆగినందుకు

మామా,

యాడుండావో, ఎట్లుండావో... నువ్వు పోయి మొన్న అమావాస్యకు పదకొండు నెలలు. ఇన్నాళ్ళూ నీకు చెప్పేంత సంగతి నాకాడ లేకపోయె. ఇప్పుడుండాది.

పోయిన ఆదివారం నేను సైకిల్ తొక్కినా. అంగడి దాకా కాదు. మన పొద్దుటూరు నుంచి జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా పులివెందుల... ఆడ్నుంచి వేంపల్లె, ఎర్రగుంట్ల తిరుక్కోని మళ్ళా పొద్దుటూరు! ఊర్లో సైకిళ్ళు తొక్కేటోళ్ళంతా కలిసి ఈ పోటీ పెట్టినారు. వీపుకు నంబరు తగిలించి, యా ఊరికి ఎన్ని గంటల్లోపల చేరల్లో చీటీ రాసిచ్చినారు. ఆడోళ్ళం ముగ్గురం. నలభై దాటింది నేనొక్కదాన్నే. గేర్ల సైకిల్ ఎదురింటి టీచరమ్మది అడుక్కున్నా.

నీ కొడుకు మాత్రం "మా ఆమె ముద్దనూరు దాటితే గొప్ప" అని అంగట్లో అందరికీ చెప్పినాడు.

నీకు గుర్తుందా... నేను కోడలుగా వచ్చిన కొత్తలో, తెల్లారకముందే లేపి సైకిల్ నేర్పేదానికి పెన్నేటి ఒడ్డుకు తీసకపోతాంటివి. అమ్మకు తమ్ముడివి, నాకు మేనమామవి, నీకాడ భయమేముండాది? కుచ్చిళ్ళు ఎగదోపుకోని పడతా లేస్తా, బట్టలంగళ్ళ వీధంతా నవ్వుతాదని ఏడిస్తే ఏమంటివి? "నవ్వేటోళ్ళ నోర్లే నొస్తాయిలే పాపా. నువ్వు చక్రం చూడాకు, దోవ చూడు." నువ్వు చీరల మూట కట్టుకోని ఊరూరు తిరిగిన సైకిలే అది...

జమ్మలమడుగు దాకా బాగానే పోయినా. అందరి నడుమే ఉండా. ఊర్లోకి పోయినాక నువ్వు మూట దించే వీధి కనపడింది. కాలు ఆగిపోయింది మామా. ఎందుకో...

ఒక పెద్దామె అరుగు మీద చింతపండు గింజలు తీస్తాంది. చీరల మూట శెట్టి కోడల్నమ్మా అన్నా. కండ్లు చిట్లించి చూసింది. మీ మామ నా కూతురి పెండ్లికి నేరేడుపండు రంగు చీర ఇచ్చినాడు, ఇంగా చినగలేదు అనింది. ఆపైన అడిగింది... శెట్టి బాగుండాడా, ఈ పక్క వచ్చి శానా ఏండ్లాయె అని.

నువ్వు పోయినప్పుడు ఎవురికీ నేను చెప్పే పని పడలేదు. వచ్చినోళ్ళకు కాఫీలు, ఇస్తర్లు చూసుకునేదాంట్లోనే దినాలు గడిచిపాయె. నా నోటితో 'మామ లేడు' అనడం అదే మొదలు. అన్నా. అని ఆ అరుగు మీదే కూలబడి ఏడ్చినా. హెల్మెట్ తీయను కూడా తోచలేదు. ఆమె వీపు నిమిరింది, చెంబుతో మజ్జిగ తెచ్చిచ్చింది. ఎంతసేపు కూర్చున్నానో...

ముద్దనూరు చేరేపాటికి నా వెనక ఎవురూ లేరు. ఆడ్నుంచి మిట్టలు, ఎదురుగాలి. చీనీకాయల తోటల కాడ దిగి నెట్టుకుంటా పోయినా. పులివెందులలో పోటీవాళ్ళు వేసిన గుడారం విప్పుతాండారు. టయం అయిపోయిందమ్మా, బండెక్కు, ఊర్లో దింపుతాం అన్నాడు చీటీలు చూసే ఆయప్ప. దగ్గర దగ్గర ఆ అరుగు మీద కూర్చున్నంత సేపే ఆలస్యం.

బండి తలుపు తీసే పెట్టినారు. నువ్వుంటే ఎక్కమంటుంటివా? వద్దంటుంటివా? నాకు తెలీదు... నంబరు విప్పి ఆయప్ప చేతిలో పెట్టినా. రెండు అరటిపండ్లు తిని వేంపల్లె దోవ పట్టినా.

వేంపల్లెలో పిక్కలు పట్టేసినాయి. ఆటో తోలేటాయన ఒకాయన సోడా ఇప్పించి, ఒక్కదానివే యాడికి పోతాండావమ్మా అన్నాడు. పొద్దుటూరికి అన్నా. ఆ మాట నోట్లోంచి వచ్చినాక ఇంగ ఆగను బుద్ధి పుట్టలా.

ఊరు చేరేసరికి దీపాలు పెట్టినారు. పతకం లేదు, ఫొటో లేదు. నీ కొడుకు ఎర్రగుంట్ల రోడ్డులో స్కూటర్ మీద కూర్చోని కాచుకోనుండాడు. ఇంటిదాకా నా వెనకాల్నే నిమ్మళంగా వచ్చినాడు. అత్త వేన్నీళ్ళు కాచి, కూర్చోబెట్టి నా కాళ్ళకు తనే పోసింది.

నువ్వు పోయినప్పటి నుంచి నాకు నిద్ర సరిగ్గా రాలేదు మామా. ఆ పొద్దు పండుకున్న దాన్ని, మర్నాడు అంగడి తీసే పొద్దుకు లేచినా.

వచ్చే ఏడు మళ్ళా పెడతారంట. పేరిచ్చినా. ఈసారి టయానికే చేరతా... జమ్మలమడుగులో ఆగనని మాత్రం మాటియ్యలేను.

ఉంటా మామా.

నీ కోడలు,
సరస్వతి