ఫొటోలు రాని పేజీ

ఏప్రిల్ 7, ఆదివారం, ఉదయం 10

ఎవరెక్కడున్నారో బయటపడనివ్వని అజ్ఞాత బ్రౌజర్‌లో, మేమిద్దరం రాసుకునే పేజీ తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఈలోపు నత్తకి పెళ్లై పిల్లలు కూడా పుడతారక్కా అని రాసింది చిన్నది.

చిన్నది మా చెల్లెలు. మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తూ తప్పుడు టెస్ట్ రిపోర్టులు తెచ్చి నాకిచ్చింది. నేను వార్త రాశాను. అప్పట్నుంచి, ఎనిమిది నెలలుగా చిన్నది దాక్కుని ఉంది. కంపెనీ మనుషులు వెతుకుతున్నారు. ఏ ఊరని నేనూ అడగను.

ఆ బ్రౌజర్‌లో సెక్యూరిటీ చివరి మెట్టుదాకా పెట్టించింది నేనే. అక్షరాలు తప్ప ఏమీ రావు.

ఏప్రిల్ 9

ఆఫీసులో కంప్యూటర్లు చూసే ఆయన ఒక మెట్టు తగ్గించండి మేడమ్ అన్నాడు. ఫొటో పంపే దారి సేఫ్‌గా తనే పెట్టిస్తాడట. మరీ కష్టపెడితే మనిషి విసిగిపోయి మామూలు ఫోనే తీస్తుందట. ఇరవై రెండేళ్లుగా సోర్సులను కాపాడుతున్నదాన్ని, నాకు చెప్పొద్దన్నాను.

ఏప్రిల్ 14, ఆదివారం

జుట్టు పొట్టిగా కత్తిరించుకుందట. అద్దంలో చూస్తే అచ్చం నేనేనట, అంతా తన ఖర్మట. గట్టిగా నవ్వాను. తర్వాత టైప్ చేశాను: ఒక్కసారి చూడాలనుంది.

ఏమీ పంపొద్దని వెంటనే రాయాల్సింది. రాయలేదు.

ఏప్రిల్ 15

నా మామూలు మెయిల్‌కి ఫొటో వచ్చింది. తన ఫోన్ నుంచి. ఇదైతే క్షణంలో వెళ్లిపోయిందక్కా అని కింద ఒక లైను.

చెంపలు లోపలికి పోయాయి. నవ్వుతోంది. వెనక నీలం తలుపు. పదకొండు సార్లు చూశాను. ఆ తర్వాతే భయం వేసింది.

ఏప్రిల్ 16

కంప్యూటర్ల ఆయనకు చూపించాను. ముందే చెప్పానని అనలేదు. ఫొటో తీసిన చోటు ఆ ఫైల్లోనే ఉంది, వీధితో సహా. నా మెయిల్ తెరిచిన కంప్యూటర్లలో ఒకటి నాది కాదు.

మా లాయర్‌కి ఫోన్ చేశాను. చిన్నది ఉండే ఇల్లు తెలిసింది ఆయనొక్కడికే.

ఏప్రిల్ 18

నేను ఫోన్ చేసిన రోజే లాయర్ ఆ ఇల్లు ఖాళీ చేయించాడట. మర్నాడు ఇద్దరు మగవాళ్లు వచ్చి తలుపు కొట్టారని ఇంటి ఓనరమ్మ చెప్పిందట.

ఫొటోకి దారి లేకుండా చేసింది నేను. చూడాలని అడిగింది నేను.

ఏప్రిల్ 21, ఆదివారం, ఉదయం 10

కొన్నాళ్లు చిన్నదానితో ఏ దారిలోనూ మాట్లాడొద్దన్నారు లాయరూ, కంప్యూటర్ల ఆయనా. ఫొటో చెరిపేశాను. కొత్త చోటు ఎవరికీ తెలియకూడదు.

‘నాకు తప్ప’ అని రాశాను. కొట్టేశాను.