సత్తెమ్మ ఓటు

హైదరాబాదు

తాతయ్యకు, నానమ్మకు మీ శారోన్ వందనాలు.

ఫోన్లో చెప్తే నీకు వినపడదు తాతయ్యా, అందుకే ఉత్తరం. మన పాస్టరమ్మగారిచేత చదివించుకో. మా కంపెనీ ఎన్నికల వీడియోగేమ్ తయారుచేస్తోంది. ఓట్లు ఎలా పడాలో నియమాలు రాసే పని నాది. అభ్యర్థి ఇంటింటికీ వెళ్ళి అడగాలి. అడగని ఇంటి ఓట్లు ఎదుటివాడికి పోతాయి. పరీక్షించడానికి మన వీధినే కట్టి, మన పేర్లే పెట్టాను. వార్డు మెంబరుగా నిలబడి నువ్వు లోవరాజుగారి మీద ఒక్క ఓటుతో ఓడిపోయావు, అచ్చం పోయిన పంచాయతీ ఎన్నికల్లోలాగే!

ఉంటాను,
శారోన్

తా.క.: నీకు వెయ్యనివాళ్ళ జాబితాలో మొదటి పేరు నానమ్మది.

కాట్రేనికోన

అమ్మాయి శారోన్‌కు సాలమోను తాత చెప్పి రాయించునది.

ఆ పెట్టెలో ఓట్లు మీ కంప్యూటర్ విప్పేసిందన్నమాట! ఆ ఒక్క ఓటు ఎవరిదా అని ఇన్నేళ్ళూ వీధి వీధంతటి మీదా అనుమానపడ్డాను. ఇంట్లోనే ఉందా! నిలదీసేను. మీ నానమ్మ సంచి సర్దుకుని అంతర్వేది, చెల్లెలింటికి వెళ్ళిపోయింది. నలభయ్యారేళ్ళ కాపురమమ్మా.

ఇట్లు,
ఓడిపోయిన మీ తాత

తా.క.: చేపల పులుసు ఎలా పెట్టాలో మీ కంప్యూటర్‌కి తెలిస్తే ఆ కాగితం కూడా పంపు.

హైదరాబాదు

తాతయ్యా, వందనాలు.

నీ ఉత్తరం చూసి ఏడుపొచ్చింది. అది ఆట! నిజం ఓట్లు ఎవరికీ కనపడవు. ఆటలో అభ్యర్థి తన ఇంట్లోంచి బయల్దేరతాడు. తన గుమ్మంలో నిలబడి ఓటు అడగడు కదా, అందుకని ఆ ఇంటి ఓటు లోవరాజుగారికి పోయింది. తప్పు నా నియమానిది. శుక్రవారంలోగా మార్చేస్తాను. నీకు కాక నానమ్మ ఇంకెవరికి వేస్తుంది? వెంటనే అంతర్వేది వెళ్ళి ఆవిణ్ణి తీసుకురా.

తప్పు చేసిన
శారోన్

తా.క.: కట్టుకున్న భార్యని కూడా ఓటు అడగాలా అని మా సారు ఒకటే నవ్వు.

కాట్రేనికోన

మనవరాలు శారోన్‌ని దీవించి నానమ్మ సత్తెమ్మ రాయించేది.

నేను ఇంటికొచ్చేసేను, బెంగెట్టుకోకు. ఆ నియమం మాత్రం మార్చకు తల్లీ. నేను నిజంగానే లోవరాజుకి వేసేను. ఎండలో వచ్చి, గుమ్మం ముందు చెప్పులు విప్పి, "పిన్నిగారండీ, మీ ఓటు నాకే వెయ్యాలండి" అన్నాడు. మీ తాత వీధంతా దణ్ణాలు పెట్టుకుంటూ తిరిగి, ఇంటికొచ్చి "కూరేంటే?" అన్నాడు. నాకూ ఓటుందని ఆయనకి గుర్తే లేదు. ఇదంతా అంతర్వేదిలో మొహమ్మీదే చెప్పేసేను. మీ తాత మా చెల్లెలి వాకిట్లోకి దిగి, చెప్పులు విప్పి, చేతులు జోడించి, "సత్తెమ్మగారండీ, ఈసారి మీ ఓటు నాకండి" అన్నాడు. ఆయ్, చూద్దాంలెండి అన్నాను.

మీ సారు పెళ్ళాం ఎవరికి వేస్తోందో ఓసారి కనుక్కోమను.

నీ నానమ్మ

తా.క.: ఉత్తరం రాసిపెట్టిన పాస్టరమ్మ వందనాలు. అమ్మా శారోన్, మీ తాతగారు అప్పట్లో మా ఇంటికొచ్చి పాస్టరుగారినొక్కరినే అడిగి వెళ్ళేరు. ఆయన ఓడింది ఒక్క ఓటుతోనే అయినా, వెయ్యనివాళ్ళం ఇద్దరం.