మసకపడ్డ పెద్దల్లుడు

తాండూరు, బుధవారం

కొత్త ఫోన్ కొని అత్తగారింట్ల మస్తు పేరు తెచ్చుకున్న మా సడ్డకుడు చంద్రకాంత్‌కు, నర్సప్ప రాసేది.

తమ్మీ, ఫోన్ జేస్తే పక్కన మా మల్లిక వింటది. వాట్సాప్‌ల పెడితే మీ నిరోషా దాన్ని ఫొటో తీసి వాళ్ళక్కకే పంపుతది. అక్కాచెల్లెండ్లను చేసుకున్నందుకు మనకు కాయితమే దిక్కు. బస్సు డ్రైవర్ దేవప్ప చేతిల పెడుతున్న.

నీ ఫోన్ మంచిచెడ్డలు ఉన్నదున్నట్టు రాయి. కొనేటందుకు కాదు, ఊకె అడుగుతున్న. నిన్న బషీరాబాద్ అత్తగారింటికి పోయిన. కొత్తింట్ల పాలు పొంగిచ్చిన నాడు నీ ఫోన్‌ల తీయించిన ఫొటోను అత్తమ్మ హాల్ల గోడకు కొట్టించింది. అత్తమ్మ మెరుస్తున్నది. పక్కన నువ్వు పెండ్లికొడుకు లెక్క. వెనకాల నేనేడీ? పొగ! పక్కింటి కిష్టప్ప జూసి, "మీ పెద్దల్లుడు రాలేదా?" అన్నడు. నీకంటే ఏడేండ్లు ముందు ఆ ఇంట్ల కాలు పెట్టినోన్ని! కావాలనే జేసినవా?

ఇట్లు,
నీ మేలు కోరే నర్సప్ప

తా.క.: ఆ పొగకు గళ్ళ చొక్కా ఉంటది. అది నేనే.

వికారాబాద్, శుక్రవారం

గౌరవనీయులైన నర్సప్ప అన్నకు, నమస్కారాలతో చంద్రకాంత్.

ఫోన్ గురించి అడిగారు, ఎంత సంతోషమో! పెద్ద పెద్ద ఫోన్లు చేసే పనులన్నీ ఇదీ చేస్తుంది, ధర మాత్రం మనలాంటివాళ్ళకు అందేదే. తెర మీద వేలు పెట్టీ పెట్టకముందే కదులుతుంది. స్నానం చేసి వచ్చేలోపు చార్జింగ్ సగం నిండుతుంది. లోపాలూ దాచను. వెనకభాగం ప్లాస్టిక్. కాసేపు ఆట ఆడితే రొట్టెల పెనంలా కాలుతుంది. అనంతగిరి గుట్ట మీది నుంచి జూమ్ చేస్తే ఊరంతా బురదలా వస్తుంది.

ఇక ఆ ఫొటోలో నా తప్పేమీ లేదన్నా. అంతా బొకే మహిమ. నేనీ ఫోన్ కొన్నదే బొకే కోసం. ఆ రోజు మన బొకే చూసి అత్తమ్మ ఎంత మురిసిపోయారో!

ఇట్లు,
మీ తమ్ముడు చంద్రకాంత్

తా.క.: ఫోన్‌కు కొత్త కవరు తొడిగాను. "సవతికి బట్టలు పెట్టినవు, మరి నాకేవి?" అంటోంది నిరోషా.

తాండూరు, సోమవారం

చెప్పకుండ పనులు జేసే చంద్రకాంత్‌కు.

అత్తమ్మకు బొకే ఇచ్చినవా? నాకొక్క మాట చెప్పొద్దా? నేను ఉత్త చేతులతోని పోయి నిలబడితిని! ఇప్పుడు సమజైంది. బొకే ఇచ్చినోళ్ళను మంచిగ చూపెడ్తది, ఇయ్యనోళ్ళను పొగ జేస్తది నీ ఫోన్.

నేనేమన్న తక్కువోన్నా? తాండూర్ల నిలువెత్తు బొకే కట్టించి నిన్న బషీరాబాద్ తీస్కపోయిన. షేర్ ఆటోల ముగ్గురి జాగ దానికే పట్టింది. పెద్ద చక్రం లెక్క ఆ గుండ్రటి పూలు ఆటోల కెళ్ళి దిగంగనే అత్తమ్మ, "అయ్యో, ఎవరు పోయిండ్రు అల్లుడా!" అని ఏడుపు మొదలుపెట్టింది. ఊరోళ్ళంత జమైండ్రు. ఎవరూ సావలేదని చెప్పేసరికి నా పానం పోయింది.

ఇట్లు,
పరేషాన్‌ల ఉన్న నర్సప్ప

తా.క.: ఫోన్ వెనక ప్లాస్టిక్ అని రాసినవు చూడు, ఆ ఒక్క ముక్క నాలుగు సార్లు సదివిన. మనసు జర నిమ్మళమైంది.

వికారాబాద్, గురువారం

అదృష్టవంతులైన నర్సప్ప అన్నకు.

అన్నా, బొకే అంటే పూలగుత్తి కాదు! ముందున్నవాళ్ళను స్పష్టంగా ఉంచి వెనకవాళ్ళను మసక చేస్తుంది చూడండి, ఆ మసకనే ఫొటోల భాషలో బొకే అంటారు. విడమరిచి రాయకపోవడం నా తప్పే.

దానికి శిక్ష కూడా పడింది. అత్తమ్మకు నిన్న కొత్త కళ్ళజోడు వచ్చింది. పెట్టుకుని ఆ ఫొటో ముందు నిలబడ్డారు. ముడతలు, ఊడిన పన్ను, మూతి మీది నూగు, ఒక్కటి వదల్లేదు నా ఫోన్. "నన్ను ముసల్దాన్ని జేసిండు! మా పెద్దల్లుణ్ణి జూడుండ్రి, ఒక్క ముడత లేదు, పెండ్లినాటి లెక్కనే ఉన్నడు!" అంటూ ఫొటోను మంచం కిందికి తోసేశారు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఛాయ్ తాగమని కూడా అనలేదు.

మీరంటే నాకు కుళ్ళుగా ఉందన్నా, దాచడమెందుకు. మీ పాత ఫోన్‌లో అందరూ మసకే కదా. అది నాకిచ్చి నాది తీసుకోండి. అత్తమ్మను కొత్తగా ఒక ఫొటో తీసి మంచి చేసుకోవాలి.

ఇట్లు,
చిన్నబోయిన చంద్రకాంత్

తా.క.: నిరోషా సంబరంగా ఉంది. సవతిని తాండూరు బస్సెక్కించేది తానేనట.

తాండూరు, మంగళవారం

తమ్మీ చంద్రకాంత్,

బస్సు రిపేరుకు పోయిందని దేవప్ప నీ ఉత్తరం ఇయ్యాల ఇచ్చిండు. కొంప మునిగింది. నీకున్నది నాకు లేదన్న మంటతోని, పాత ఫోన్‌ను దుకాణంల ఇచ్చేసి శనివారమే నీ ఫోన్ అసొంటిదే తెచ్చిన. ఆదివారం బషీరాబాద్ పోయిన. అత్తమ్మ కళ్ళజోడు తీపిచ్చి, దగ్గరికి పోయి మొహమొక్కటే తీసిన. తలుపంత ఫొటో కడిగిచ్చి, నిన్న నేనే గోడకు కొట్టిన.

అత్తమ్మ కళ్ళజోడు పెట్టుకున్నది. చూసింది. చీపురు వెతికింది.

ఇగ ఆ ఇంట్ల మనిద్దరి ఇజ్జత్ ఒక్కటే. ఫికర్ చెయ్యకు.

ఇట్లు,
నీ తోటి అల్లుడు నర్సప్ప

తా.క.: నేను చెప్పులేసుకోకుండ ఉరుకుతుంటె అత్తమ్మ గేటు కాడ ఆపింది. మామ తమ్ముని పెండ్లాం గోవిందమ్మ లేదా, అత్తమ్మ కంటె పదేండ్లు చిన్నగ కనబడ్త అని తిరుగుతది, ఆమె ఇంటి దిక్కు చూపెట్టి చెవుల చెప్పింది: "గా ఫోన్ పారెయ్యకు అల్లుడా. రేపు దాని ఫొటో గింతే పెద్దగ తీసి వాళ్ళ హాల్ల కొట్టు. నన్ను గూడ నిలబెట్టు. పక్కన కాదు, బాగ ఎనక్కి."