సూదిలో దారం

చెల్లీ,

డ్యూటీకి వేళైపోయింది, పరిగెడుతున్నాను. నాన్న భోజనం కాగానే తెల్లమాత్ర వెయ్యి. గీజరు పాడైంది, స్నానానికి నీళ్ళు పొయ్యి మీద కాచిపెట్టు.

పోయినసారి నువ్వొచ్చినప్పుడు తలుపు చాటున నిలబడి చూశాను. రోజూ ఆయనకి అన్నీ చేసేది నేను. చుట్టపుచూపుగా వచ్చే నిన్ను చూస్తే మాత్రం ఆయన మొహం చేటంత అవుతుంది! కుళ్ళి చచ్చాననుకో.

దర్జీ పని మానేసినా ఆయన సూది వదలరు కదా. చేతులు వణుకుతున్నాయని నేనైతే లాక్కుని దారం ఎక్కించేస్తాను. నువ్వేమో టార్చి పట్టుకుని ఊరికే కూర్చున్నావు. ఎన్నిసార్లు తప్పినా సూది లాక్కోలేదు. చివరికి దారం ఎక్కింది. "చూశావా, దర్జీ ఇంకా బతికే ఉన్నాడు!" అని ఎంత నవ్వారో! నాతో ఎప్పుడూ అలా అనలేదు. నేను అననిస్తేగా!

గుండీ ఊడిన నా చొక్కా ఆయన మంచం మీద పెట్టాను. సూదిలో దారం ఎక్కించలేదు. నువ్వూ ఎక్కించకు.

అక్క

అన్నట్టు, నువ్వు తెచ్చే చిరుగుల బట్టలు సంచిలోంచి తియ్యకు. ఇవాళ నాన్న నాకే కుట్టాలి.